ఆ పేజీలు కోయకు బిడ్డా

బిడ్డా,

కాజీపేట ఇంటి అటక మీద పాత ఇంటిసామాన్ల క్యాటలాగ్ దొరికిందనీ, స్టవ్వులు, ఇస్త్రీపెట్టెల మధ్య నాలుగు పేజీల్లో కారు రేసుల ఫోటోలున్నాయనీ మీ బాపు చెప్పాడు. కారు మీది 722 నంబరు చూసి, ఇది ఇటలీలో రోడ్ల మీద జరిగిన 1955 మిల్లె మిలియా రేసు అని నువ్వే గుర్తుపట్టావట. ఎంత సంతోషమైందో! పొద్దున 7 గంటల 22 నిమిషాలకు బయలుదేరింది కాబట్టే దానికి ఆ నంబరు. బ్రెషా నుంచి రోమ్ దాకా పోయి తిరిగి రావాలి, దాదాపు 1,600 కిలోమీటర్లు. ఆ కారు నడిపిన స్టిర్లింగ్ మాస్ 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో వచ్చేశాడు. పక్కన జెంకిన్సన్, మలుపులన్నీ ముందే రాసుకున్న కాగితపు చుట్ట తిప్పుతూ, చేతి సైగలతో దారి చెప్పాడు.

కానీ ఆ పేజీలు కోసి ఫ్రేము కట్టిస్తావని విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

చేతులు కడిగి, బాగా తుడుచుకుని ముట్టుకో. ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీసుకో. సెల్లోటేపు, లామినేషన్ జోలికి పోవద్దు.

నా సంగతి చెప్తాను. 1965లో నాకు పన్నెండేళ్లు. బాపు పనిచేసే రైల్వే క్వార్టర్స్‌లో ఎవరో ఇచ్చిన క్యాటలాగ్ మా ఇంటికొచ్చింది. అందులో షోళవరం రేసుల ఫోటో ఒకటి ఉండేది. మద్రాసు దగ్గర, యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే మీద కార్లు పరుగెత్తేవి. ఆ ఫోటో నాకు ప్రాణం. ఒకరోజు బ్లేడుతో కోసి, మైదా ఉడికించి గోడకు అతికించాను.

రెండు రోజుల తర్వాత అమ్మ ఆ పుస్తకం తెరిచి, పేజీలు ముందుకూ వెనక్కీ తిప్పుతోంది. కారు ఫోటో వెనకవైపు కుట్టుమిషన్ బొమ్మ ఉండేది. దాని పక్కన అమ్మ పెన్సిలుతో చిన్న గీత పెట్టుకుంది. ఎన్నాళ్లుగా పైసలు కూడబెడుతోందో, ఆ రోజు దాకా నాకు తెలియదు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. గోడ వైపు చూసి, పుస్తకం మూసి పొయ్యి దగ్గరికి పోయింది. వానాకాలం వచ్చేసరికి గోడ చెమ్మకు కారూ పోయింది, మైదా రుచికి బొద్దింకలు మిగిలింది తినేశాయి. అమ్మ కుట్టుమిషన్ కొనకుండానే పోయింది బిడ్డా.

అందుకే కోపంగా రాస్తున్నాను. పుస్తకం పుస్తకంగానే ఉండాలి. నీకు ఫ్రేము కావాలంటే స్కాన్ చేసి మంచి ప్రింటు తీయించు, పైసలు నేనిస్తాను.

ఇంకో భయం, నీళ్లు. 2023 జూలైలో హనుమకొండ కాలనీల్లోకి వరద వచ్చినప్పుడు చూశావు కదా. నున్నటి కాగితం తడిస్తే పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, గట్టిగా లాగితే బొమ్మే ఊడి వస్తుంది. కింద బీరువాలో పెట్టకు. పిన్నులు తుప్పుపట్టి ఉంటే నువ్వు పీకకు, నేను వచ్చి చూస్తాను.

ఆదివారం నీకు ఫోన్ చేస్తాను. అప్పటిలోగా 722 వెనకవైపు ఏ సామానుందో చూసి ఉంచు. పక్కన ఎవరిదైనా పెన్సిల్ గీత ఉందేమో కూడా చూడు.

మీ పెదబాపు