కంటి నరాలకు మెదడులో ఎవరి చోటు వాళ్లకు ఎలా తెలుస్తుంది?

మీరు అడిగినవి రెండు: కంటి నుంచి మెదడుకు పోయే ఒక్కో ఆక్సాన్‌కు (నరకణం నుంచి సాగే సన్నని తీగకు) ఒక్కో ప్రోటీన్ అడ్రస్‌లా ఉంటుందా, కడుపుతో ఉన్నప్పుడు ప్రోటీన్ పౌడర్ తాగితే బిడ్డకు ఆ వైరింగ్ బాగా కుదురుతుందా అని.

మొదటిదానికి జవాబు, లేదు. మనిషి కంటి నరంలో ఆక్సాన్లు దాదాపు 10 లక్షలు, ప్రోటీన్లు తయారుచేసే జీన్లేమో సుమారు 20 వేలు, ఇక ఒక్కోదానికి ఒక్కో అడ్రస్ ఎక్కడి నుంచి తెస్తాం? 1940ల్లో రోజర్ స్పెర్రీ అనే శాస్త్రవేత్త న్యూట్ల (బల్లిలా కనిపించే ఉభయచరాల) కళ్లను తలకిందులుగా తిప్పి నరం కోస్తే, అది మళ్లీ పెరిగి మెదడులో పాత చోటుకే చేరింది. పైనున్న ఎర కోసం పాపం ఆ జీవి కిందికి దూకేది. ఏవో రసాయన గుర్తులున్నాయని ఆయన అన్నాడు గానీ, మెదడులో కంటి ఆక్సాన్లు చేరే టెక్టమ్ అనే భాగంలో ఎఫ్రిన్‌లనే ఆ గుర్తు ప్రోటీన్లు బయటపడేసరికి 1995 వచ్చింది. వాటిలో ఎఫ్రిన్-ఎ అనే రకం టెక్టమ్‌లో వెనక ఎక్కువ, ముందు తక్కువ. చెవి వైపు రెటీనా (కంటి వెనక వెలుగును పట్టే పొర) నుంచి వచ్చే ఆక్సాన్లకు దాన్ని గుర్తించే ఎఫ్ రిసెప్టర్లు ఎక్కువ, ఎఫ్రిన్ అంటే వాటికి పడదు, అందుకే ముందే ఆగిపోతాయి. ముక్కు వైపువి వెనక దాకా పోతాయి.

నేను హనుమకొండలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. బోర్డు మీద బొమ్మేస్తే ఎవరికీ ఎక్కలేదు, సరే అని గది మూలన అగరొత్తుల కట్ట వెలిగించి, పొగ పడనివాళ్లు దూరం జరగండి, కానీ ఒక్క కుర్చీ కూడా ఖాళీ ఉండొద్దు అన్నాను. దగ్గొచ్చేవాళ్లు తలుపు దగ్గరికి, మొండిఘటాలు మూలకు, ఎవరికీ సీటు చెప్పకుండానే వరుస కుదిరింది; పొగ ఎఫ్రిన్ అనుకోండి, పిల్లలు ఆక్సాన్లు (ప్యూన్ వచ్చి గొడవ చేశాడు, అది వేరే సంగతి). అసలు పాయింట్ ఇక్కడుంది: 2000లో ఎలుకల రెటీనాలో సుమారు సగం గ్యాంగ్లియన్ కణాలకు (మెదడుకు ఆక్సాన్లు పంపేవి ఇవే) ఎఫ్-ఎ3 అనే ఎఫ్ రిసెప్టర్ అదనంగా పెట్టారు. అవన్నీ ముందుకు జరిగాయి, ఏమీ చేయని మిగతా సగం వెనక సర్దుకోవాల్సి వచ్చింది, ఒకే కంటికి మెదడులో రెండు మ్యాపులు (ఏ ఆక్సాన్ ఎక్కడ అన్న అమరికలు) తయారయ్యాయి! అంటే ఎవరి దగ్గర ఎంతుందన్నది కాదు, పక్కవాడి కంటే ఎక్కువా తక్కువా అన్నదే లెక్క.

దీంతో వచ్చేది ముతక మ్యాపే. కళ్లు తెరవకముందే రెటీనాలో దానంతటదే అలలు అలలుగా కరెంటు పుడుతుంది, పక్కపక్క కణాలు కలిసి స్పందిస్తాయి, వాటి కొసలు పక్కపక్కనే గట్టిపడి, దారి తప్పిన కొమ్మలు పోతాయి.

పౌడర్ సంగతంటారా, తిన్న ప్రోటీన్ ఏదైనా అరిగి అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది, ఎఫ్రిన్‌ను బిడ్డ కణాలే తమ జీన్లతో తయారుచేసుకుంటాయి. తల్లికి పప్పు, గుడ్డు, పాలు సరిగ్గా అందాలి, అంతకుమించి పౌడర్ కావాలో వద్దో చూసే డాక్టర్‌నే అడగండి. డబ్బా మీద మెదడు బొమ్మ ఉందని మాత్రం కొనకండి.