ఫ్రీ టూర్ కోసం ఆ మీటింగ్‌కు వెళ్ళకండి

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. ఇద్దరు పిల్లలతో మెక్సికోలోని ప్లాయా డెల్ కార్మెన్‌కు 5 రోజులు వెళ్తున్నాం. రిసార్టుకు తిండితో సహా కట్టేశాం. పాతకాలపు మాయా కట్టడాలున్న చిచెన్ ఇట్సా, తులుమ్‌లకు, కోసుమెల్ దీవికి టూర్లంటే 1,300 డాలర్లు అడుగుతున్నారు. 90 నిమిషాల ప్రెజెంటేషన్‌కు వస్తే రెండు ఫ్రీ అంటున్నారు. వెళ్ళమంటారా?

జవాబు: వద్దమ్మా. అది టైమ్‌షేర్, అంటే ఏటా కొన్ని రోజులు రిసార్టులో ఉండే హక్కు, అమ్మే మీటింగ్. 90 నిమిషాలని పిలిచి పూట గడిపేస్తారు. కొంటే ఏటేటా మెయింటెనెన్స్ కట్టాలి, అది పెరుగుతూ పోతుంది. అమ్ముదామంటే కొనే నాథుడు దొరకడు. పిల్లల చదువుకు దాచాల్సిన డబ్బు అలా పోవడం చూస్తే నాకు బాధేస్తుంది. ఒకవేళ సంతకం పెట్టేస్తే, మెక్సికోలో 5 పనిదినాల లోపు రాతపూర్వకంగా రద్దు చేసుకునే హక్కుంది. ఇంటికి తిరిగొచ్చాక చూద్దామనుకుంటే గడువు దాటిపోతుంది.

ఇక టూర్ల సంగతి. బయట గడిపిన ప్రతి రోజూ రిసార్టులో ముందే కట్టిన భోజనం వదులుకున్నట్టే. అందుకే మూడింటికీ ప్యాకేజీ కొనకండి. చిచెన్ ఇట్సా ఒక్కదానికే కొనండి. అది రెండు గంటలకు పైగా ప్రయాణం, పిల్లలతో సొంతంగా వెళ్ళడం కష్టం. అక్కడ ప్రవేశ రుసుము కేంద్రానికి కొంత, యుకటాన్ రాష్ట్రానికి కొంత. చవక టూర్లలో చాలావరకు ఇది కలపరు, బస్సెక్కాక అడుగుతారు. రెండూ కలిశాయా అని బుక్ చేసేముందే రాయించుకోండి. ఆదివారం మెక్సికో వాళ్ళకు కేంద్రం టికెట్ ఉచితం కాబట్టి జనం ఎక్కువ, ఆ రోజు వద్దు. యుకటాన్ గడియారం మీ రిసార్టు కంటే గంట వెనక ఉంటుంది. పెందలాడే బయల్దేరితే ఎండ ముదరకముందే చూసేయొచ్చు.

తులుమ్ 60 కిలోమీటర్ల పైచిలుకు. మన షేర్ ఆటోల్లా మనుషుల్ని ఎక్కించుకుంటూ వెళ్ళే కోలెక్టీవో వ్యాన్లు, ఏడీఓ అనే కంపెనీ బస్సులు ఉన్నాయి. కోసుమెల్‌కు ఊళ్ళోని రేవు నుంచే ఫెర్రీ, ముప్పావు గంట. ఈ రెండింటికీ ఏజెంటు అక్కర్లేదు. టాక్సీ అయితే ఎక్కకముందే రేటు తేల్చుకోండి.

ఫారిన్ ట్రాన్సాక్షన్ ఫీజు లేని కార్డు తీసుకెళ్ళండి. చాలా కార్డులు 3 శాతం దాకా కోస్తాయి. కార్డు మెషీనుగానీ ఏటీఎంగానీ డాలర్లలోకి మార్చమంటారా అని అడిగితే వద్దని నొక్కి, మెక్సికో డబ్బు పెసోల్లోనే కానివ్వండి. వ్యాన్లకు, టిప్పులకు కొన్ని పెసోలు చిల్లరగా దగ్గరుంచుకోండి.