డాక్టర్ సలహా: సెకండ్‌హ్యాండ్ కారులో సిగరెట్ వాసన.. పాపకు రాత్రిళ్లు దగ్గు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఖమ్మం. రెండు నెలల కిందట సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాం. పాత ఓనరు బాగా సిగరెట్లు కాల్చేవారట. అద్దాలు ఎక్కించి ఏసీ వేస్తే వాసన గుప్పుమంటోంది. పర్‌ఫ్యూమ్ పెట్టాం, కర్పూరం బిళ్లలు, కలరా ఉండలు సీట్ల కింద వేశాం. అయినా పోలేదు. ఓజోన్ మెషిన్ పెడితే ఒక్కరోజులో పోతుందని కార్ వాష్ వాళ్లు అంటున్నారు. పెట్టించవచ్చా? మా పాపకు నాలుగేళ్లు, కారు వాసన అసలు పడదు. నెల రోజులుగా రాత్రిళ్లు దగ్గుతోంది. మెడికల్ షాపులో ఇచ్చిన సిరప్ తాగిస్తే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. నాకూ అప్పుడప్పుడు సిగరెట్ అలవాటుంది గానీ కారులో కాల్చను, డోరు తీసి బయట నిలబడి కాలుస్తాను. వాసన పోయే మార్గం చెప్పగలరు.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు రాసిందాంట్లో చాలావరకు కారు గురించే ఉంది. నన్ను ఆపింది మాత్రం ‘నెల రోజులుగా రాత్రిళ్లు దగ్గుతోంది’ అన్న మాట. కారు సంగతి తర్వాత చెబుతాను. ముందు పాపను ఈ వారంలోనే పిల్లల డాక్టర్‌కు చూపించండి.

జలుబుతో వచ్చే దగ్గు మామూలుగా రెండు మూడు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. నెల దాటి, అదీ రాత్రిపూటే ఎక్కువగా ఉంటే ఉబ్బసం ఉందేమో చూడాలి. ఉబ్బసం ఉన్న పిల్లలందరికీ ఆయాసం, పిల్లికూతలు పైకి కనపడాలని లేదు. కొందరిలో తెల్లవారుజామున వచ్చే పొడిదగ్గే కనిపిస్తుంది. పరుగెత్తినప్పుడు, గట్టిగా నవ్వినప్పుడు పాపకు దగ్గు తెర వస్తోందా? ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం గానీ, పొద్దున లేవగానే వరసపెట్టి తుమ్ములు గానీ ఉన్నాయా? ఇవి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. పొగ వాసన, ఘాటైన సెంటు వాసన రెండూ ఇలాంటి పిల్లల్లో దగ్గును రేపుతాయి.

అలాగని ఇది ఉబ్బసమే అనో, కారు వల్లే వచ్చిందనో పాపను చూడకుండా నేను చెప్పలేను. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే కండ పెరిగినా రాత్రి దగ్గు వస్తుంది. దగ్గు రెండు వారాలు దాటితే మన దేశంలో టీబీ సంగతి కూడా ఆలోచించాల్సిందే, ఇంట్లో పెద్దవాళ్లెవరైనా దగ్గుతుంటే మరీను. పల్లీలో, శనగలో తింటూ ఒక్కసారిగా పొలమారి, ఆ రోజు నుంచే దగ్గు పట్టుకుందా? గింజ శ్వాసనాళంలో ఇరుక్కుంటే ఏ సిరప్పూ పనిచేయదు.

పాప నిద్రపోతున్నప్పుడు పొట్ట కదలికను చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. ఈ వయసులో నిమిషానికి 40 లేదా అంతకు మించి ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, ఆయాసంతో మాట్లాడలేకపోతున్నా, నీళ్లు తాగలేకపోతున్నా వారం కాదు, గంట కూడా ఆగకండి. అర్ధరాత్రి అయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇక సిరప్ సంగతి. ఇక్కడ కాస్త గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. ఓపీలో దాదాపు రోజూ చూస్తుంటాను. తల్లి సంచిలోంచి సీసాలు తీసి బల్ల మీద వరసగా పెడుతుంది. ఒకదాని లేబుల్ చెరిగిపోయి ఉంటుంది, ఒకదానికి కొలత మూత పోయి ఉంటుంది. ఎంత పోశారమ్మా అంటే ‘ఇంట్లో స్పూనుతో ఒక స్పూను’ అంటుంది. ఇంట్లో స్పూన్లు అన్నీ ఒక్క కొలతలో ఉండవు. పైగా రెండు సీసాల మీద పేర్లు వేరు, లోపల ఉన్న మందు ఒకటే. అంటే పిల్లకు తెలియకుండానే రెట్టింపు డోసు పడుతోంది.

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు సిరప్ తాగిన పిల్లలు కిడ్నీలు దెబ్బతిని చనిపోయారు. సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం బయటపడింది. ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలన్నింటికీ సూచన పంపింది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఇవ్వకూడదు. ఐదేళ్లలోపు వారికి సాధారణంగా సిఫార్సు చేయరు అన్నది దాని సారాంశం. మీ పాపకు నాలుగేళ్లు. షాపతను మంచి మనసుతోనే ఇచ్చి ఉండవచ్చు, కానీ అతను స్టెత్ పెట్టి పాప ఊపిరి వినలేదు కదా.

‘తాగిస్తే తగ్గుతుంది’ అన్నారు. నాకు భయం అక్కడే. ఇలాంటి సిరప్‌లు చాలావాటిలో మత్తు కలిగించే అలర్జీ మందు ఉంటుంది. పాప పడుకుంటుంది, దగ్గు వినపడదు, లోపలి జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. ఈలోపు నెల గడిచిపోతుంది. ఉబ్బసం అని తేలితే స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) ఇన్‌హేలర్ వాడాలి. ‘పంపు అలవాటైపోతుంది’ అన్న మాట పట్టుకుని వెనకాడకండి, అది అలవాటయ్యే మందు కాదు. మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది కాబట్టి చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. పక్కింటివాళ్ల నెబులైజర్ తెచ్చి సొంతంగా పెట్టడం, పాత చీటీలోని స్టెరాయిడ్ చుక్కలు మళ్లీ పోయడం మాత్రం దయచేసి వద్దు.

ఇప్పుడు కారు. అది వాసన ఒక్కటే అయితే ఇంత చెప్పేవాణ్ని కాదు. సిగరెట్ పొగలోని నికోటిన్, తారు సీటు గుడ్డలో, స్పాంజిలో, పైకప్పు లైనింగ్‌లో, బెల్టుల్లో ఇంకిపోతాయి. తెల్లగుడ్డ తడిపి ముందు అద్దాన్ని లోపలివైపు తుడవండి, గుడ్డకు పసుపు రంగు జిడ్డు అంటుకుంటే అదే ఇది. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల పరిశోధకులు 2010లో ఒక విషయం చూపించారు. ఇలా పేరుకున్న నికోటిన్, గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లుగా మారుతుంది. పొగతాగేవారి ట్రక్కు లోపల కూడా వారికి ఆ పదార్థాలు దొరికాయి. పిల్లలు సీటు మీద చేతులు రుద్ది అవే నోట్లో పెట్టుకుంటారు, సీటు బెల్టు కొరుకుతారు. పెద్దల కంటే వాళ్లకు ఎక్కువ అంటుకునేది అందుకే.

కలరా ఉండలు, కర్పూరం ఈరోజే తీసి పారేయండి. కలరా ఉండల్లో ఎక్కువగా నాఫ్తలీన్ ఉంటుంది. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు దాని ఆవిరి తగిలినా ఎర్రరక్తకణాలు పగిలి కామెర్లు, రక్తహీనత రావచ్చు. కర్పూరం బిళ్ల చక్కెర బిళ్లలా కనిపిస్తుంది, పాప నోట్లో వేసుకుంటే ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. పర్‌ఫ్యూమ్ కూడా తీసేయండి, అది వాసనను కప్పుతుందే గానీ పోగొట్టదు. దేవుడి బొమ్మ ముందు అగరుబత్తి వెలిగించే అలవాటుంటే అదీ కారులో వద్దు.

ఓజోన్ మెషిన్‌కు నా సలహా వద్దనే. ఓజోన్ ఊపిరితిత్తులను మండించే వాయువు, ఉబ్బసం ఉంటే తిరగబెట్టగలదు. పైగా నికోటిన్‌తో కలిసి ఫార్మాల్డిహైడ్, అతి సన్నని కణాలు తయారవుతాయి. సీటు స్పాంజి లోపలున్న జిడ్డు ఎటూ పోదు.

ఆ జిడ్డును తుడిచి, కడిగి బయటికి తీయడమే మార్గం. సీట్లు, కార్పెట్లు నీళ్లు పోసి పీల్చే మెషిన్‌తో కడిగించండి. ఏసీ ఫిల్టర్ కొత్తది వేయించండి, చాలా కార్లలో గ్లవ్ బాక్స్ (ముందు సీటు ఎదురుగా ఉండే అర) వెనకే ఉంటుంది, ఖర్చు పెద్దగా కాదు. ఏసీ కాయిల్ కూడా కడిగించండి, స్విచ్ వేయగానే గుప్పుమంటోందంటే అక్కడా పట్టి ఉండవచ్చు. ప్లాస్టిక్, అద్దాలు వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిస్తే జిడ్డు బాగా వదులుతుంది, నికోటిన్‌కు క్షారగుణం, వెనిగర్‌కు ఆమ్లగుణం ఉంటాయి కాబట్టి. పైకప్పు గుడ్డను మరీ తడపకండి, జిగురు ఊడి జారిపోతుంది. వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి వ్యాక్యూమ్ చేస్తే కొంత తగ్గుతుంది, అదొక్కటే చాలదు. బ్లీచింగ్, యాసిడ్ జోలికి వెళ్లకండి. ఈ పనులప్పుడు పాపను దూరంగా ఉంచి, బాగా ఆరాకే ఎక్కించండి. మీ ఖమ్మం ఎండలకు ఆగి ఉన్న కారు కాగిపోతుంది, వేడికి ఆ ఆవిర్లు మరింత లేస్తాయి. కాబట్టి నాలుగు డోర్లూ తీసి కాసేపు ఉంచాకే ఎక్కండి. కొన్నాళ్లకు మీకు వాసన రావడం లేదనిపించినా నమ్మకండి, ముక్కుకు అలవాటైపోతుంది. ఆ కారు ఎప్పుడూ ఎక్కని మనిషిని ఎక్కించి అడగండి.

చివరగా మీ సిగరెట్. డోరు తీసి పక్కన నిలబడి కాలిస్తే పొగ లోపలికే వెళుతుంది. దూరంగా వెళ్లి కాల్చినా చొక్కాకు, మీసానికి, చేతులకు పట్టి ఉంటుంది, వచ్చి పాపను ఎత్తుకుంటారు. ఇంగ్లండులో 18 ఏళ్లలోపు వారు కారులో ఉంటే పొగతాగడం 2015 నుంచి నేరం. మనకు సొంత కారు విషయంలో అలాంటి చట్టం లేదు, కాబట్టి ఆ నిర్ణయం మీరే తీసుకోవాలి. అప్పుడప్పుడే అంటున్నారు కదా, మానడం మీకు తేలిక. 1800-11-2356 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేస్తే మాన్పించే కౌన్సెలర్లు మాట్లాడతారు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా తాగించిన సిరప్ సీసాలన్నీ, ఖాళీవైనా సరే, అట్టపెట్టెలతో సహా తీసుకెళ్లండి. పాప రాత్రి దగ్గుతున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే ఇంకా మంచిది. కారు శుభ్రమయ్యేదాకా ఆస్పత్రికి ఆటోలోనే వెళ్లండి.