దగ్గర్లో షాపు ఉన్నా జనం దూరం ఎందుకు వెళ్తారు?

వీధి చివరే కూరగాయల షాపు పెట్టుకుని హైదరాబాద్‌లో జనం ఎర్రగడ్డ రైతు బజారు దాకా ఎందుకు వస్తారు, కాలేజీ ప్రాజెక్టు కోసం కావాలి అని అడిగారు కదా. నేను ఉండేది మూసాపేటలో, పని అమీర్‌పేటలో, ఇది నాకు రోజూ ఎదురయ్యే సంగతే.

ధర, దూరం తర్వాత. ముందు చూసుకునేది మనం పోయే దారిలో పడుతుందా అని. కూరగాయలు కావాల్సిన రోజు అమీర్‌పేటలో మెట్రో ఎక్కి ఎర్రగడ్డ దాకానే టికెట్ తీసుకుంటాను, సరుకు కొన్నాక షేర్ ఆటోలో ఇంటికి. కూకట్‌పల్లి రైతు బజారు కూడా మరీ దూరమేం కాదు, కానీ ఇల్లు దాటి పోయి, సంచులు మోసుకుంటూ వెనక్కి రావాలి, అందుకే కాళ్లు అటు పోవు.

1931లో విలియం రైలీ అనే అమెరికన్ ఒక సూత్రం చెప్పాడు. పెద్ద ఊరు జనాన్ని ఎక్కువగా లాగుతుంది, దూరం పెరిగేకొద్దీ ఆ లాగుడు తగ్గుతుంది అని. ఊళ్ల లెక్కకి బాగానే ఉంటుంది గానీ, ఒకే మనిషి ఇంటి నుంచి బయల్దేరినప్పుడు ఒక చోటికి, ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఇంకో చోటికి పోతాడన్నది అందులో దొరకదు.

మా అమ్మ సంగతి వేరు. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకి ఫ్రీ బస్సు మొదలయ్యే దాకా రైతు బజారు ఊసే ఎత్తేది కాదు, ఎందుకంటే అక్కడ మిగిలేది కాస్తా బస్సు చార్జీకే పోయేది. ఇప్పుడు ఆదివారం బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్లి, వచ్చేటప్పుడు ఎర్రగడ్డలో దిగుతుంది. అయినా కొనేది తోటకూర, గోంగూర కట్టలు, నాలుగు పచ్చిమిరపకాయలు, అంతే. మోకాళ్ల నొప్పులతో సంచి పట్టుకుని బస్సు మెట్లెక్కడం ఆమె వల్ల కాదు, కాబట్టి ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు ఇప్పటికీ వీధి చివరి షాపులోనే. అంటే ఒకే ఇంటి కూరగాయలు బరువుని బట్టి రెండు చోట్ల నుంచి వస్తున్నాయి!

మందుల షాపుకి ఇంత ఆలోచన ఉండదు, ఏది దగ్గరుంటే అదే. డాక్టరు దగ్గరికొస్తే మాత్రం ఇల్లు మారినా చాలామంది పాత డాక్టర్నే వెతుక్కుంటూ పోతారు.

మీ సర్వేలో "ఇక్కడికి ఎందుకొచ్చారు" అని అడిగితే అందరూ "తాజాగా ఉంటాయి, చవక" అనే చెబుతారు. దాంతోపాటు ఎక్కడి నుంచి వస్తున్నారు, ఇక్కణ్ణుంచి ఎక్కడికి, దేంట్లో పోతారు, చేతిలో ఎంత బరువుంది అని కూడా అడగండి. ఉదయం ఒకసారి, ఆఫీసులు వదిలే టైముకి ఒకసారి వెళ్లండి, వచ్చే జనమే వేరుగా ఉంటారు.