అబాబీల్ పక్షి పేరా?

సందేహం: ఖురాన్‌లోని ‘ఏనుగు’ అధ్యాయం గురించి చదువుతుంటే ఒకచోట ‘అబాబీల్ అనే పక్షులు’ అనీ, మరోచోట ‘పక్షుల గుంపులు’ అనీ కనిపించింది. ఏది సరైనది? ఆ సేన చివరికి ఏమైందో చెప్పేచోట ఒకరు ‘ఊక’ అన్నారు, మరొకరు ‘గడ్డి’ అన్నారు. తెలుగులో ఏ మాట వాడాలి? అసలు ఆ కథ ఏమిటో కూడా చెప్పగలరు.

సమాధానం: అనువాదంగా రాసేటప్పుడు ‘పక్షుల గుంపులు’ సరైనది. ‘అబాబీల్ అనే పక్షులు’ అన్నది ఉర్దూ అలవాటు నుంచి వచ్చింది. కారణం తెలియాలంటే ముందు కథ చెప్పుకోవాలి.

ఇది ఖురాన్‌లో 105వ అధ్యాయం. మక్కాలో అవతరించిన వాటిలో ఒకటి. అయిదే వాక్యాలు. నేపథ్యమంతా ముస్లిం సంప్రదాయ చరిత్రలు చెప్పినది. అబిసీనియాకు (నేటి ఇథియోపియా ప్రాంతం) చెందిన అబ్రహా అనే క్రైస్తవ పాలకుడు యెమెన్‌ను ఏలుతూ సనాలో గొప్ప చర్చి కట్టించాడు. అరబ్బుల యాత్ర మక్కాలోని కాబా మందిరం నుంచి అటు మళ్లాలని అతని కోరిక. ఆ చర్చిని ఒక అరబ్బు అపవిత్రం చేశాడని కోపం తెచ్చుకుని, కాబాను కూల్చేస్తానని ఏనుగుతో సహా సేనను నడిపించాడు. మక్కా పొలిమేరల్లో అతని మనుషులు పట్టుకుపోయిన పశువుల్లో అబ్దుల్ ముత్తలిబ్ ఒంటెలు 200 ఉన్నాయి. ఈయన మహమ్మద్ ప్రవక్తకు తాత, ఖురైషు తెగకు పెద్ద. వెళ్లి తన ఒంటెలు తనకిమ్మని అడిగాడు. గుడి గురించి బతిమాలతాడనుకున్న అబ్రహా ఆశ్చర్యపోయాడు. ‘ఒంటెలకు యజమానిని నేను. ఆ గృహానికి వేరే యజమాని ఉన్నాడు, ఆయన చూసుకుంటాడు’ అన్నది అబ్దుల్ ముత్తలిబ్ జవాబు. ఆ తరువాత ఏనుగు మక్కా వైపు అడుగు వేయనంది. ఏ దిక్కుకు తిప్పినా లేచి నడిచేది, మక్కా వైపు తిప్పితే కూలబడేది. అంతలో ఆకాశం నిండా పక్షులు వచ్చి రాళ్లు రువ్వాయి, సేన నాశనమైంది.

అరబ్బులు ఆ ఏటిని ‘ఏనుగు సంవత్సరం’ అన్నారు. ప్రవక్త పుట్టింది ఆ ఏడే అని, అది సుమారు క్రీ.శ. 570 అని సంప్రదాయ గణన. అబ్రహా మాత్రం కల్పిత వ్యక్తి కాదు. మధ్య అరేబియా మీద అతను చేసిన దండయాత్రను క్రీ.శ. 552 నాటి మురయ్‌ఘాన్ శిలాశాసనం చెబుతోంది. అందులో మక్కా ప్రస్తావన గానీ ఏనుగు ఊసు గానీ లేవు. కనుక అది ఈ దండయాత్రేనా, వేరొకటా అన్నది చరిత్రకారుల మధ్య వాదంగానే ఉంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఇంత కథ చెప్పుకున్నాం గదా, మూలంలోని ఆ అయిదు వాక్యాల్లో ఒక్క పేరైనా ఉందేమో వెతకండి. అబ్రహా లేడు, అబ్దుల్ ముత్తలిబ్ లేడు. మక్కా లేదు, కాబా లేదు, యెమెన్ లేదు. ‘ఏనుగువారు’ అని మాత్రం ఉంది. దండెత్తినవాడి పేరే పలకని చోట, రాళ్లు రువ్విన పిట్టకు మనం పేరు పెట్టడం ఎబ్బెట్టుగా ఉంటుంది. అరబీలో ‘అబాబీల్’ అంటే గుంపులు గుంపులుగా, ఒకదాని వెనుక ఒకటిగా అని అర్థం. ఆ మాటకు ఏకవచనం ఏమిటన్నది అరబీ వ్యాకర్తలే తేల్చుకోలేకపోయారు. వాడుకలో ఏకవచనం లేదన్నవారూ ఉన్నారు. ఉర్దూలో మాత్రం అది ఒక పిట్ట పేరుగా స్థిరపడింది. తెలుగు బైబిలు కీర్తనల్లో వానకోవెల అని కనిపించే పిట్ట అదే. హైదరాబాదు ఉర్దూ విన్న చెవికి ‘అబాబీల్’ అనగానే ఆ పిట్టే మెదులుతుంది. జనంలో చెప్పుకునే కథగా రాస్తే ‘అబాబీల్ పిట్టలు’ అన్నా తప్పుపట్టను. అనువాదమని రాస్తే మాత్రం ‘గుంపులు గుంపులుగా పక్షులు’ అనండి. మాటను రెండుసార్లు చెప్పి లెక్కలేనితనాన్ని చూపడం తెలుగుకు పుట్టుకతో వచ్చిన విద్య, ఇక్కడ దాన్ని వాడుకోకపోతే మరెక్కడ వాడుకుంటాం! ‘మందలు’ పశువులకే బాగుంటుంది. ‘తండోపతండాలు’ మనుషులకు.

‘ఏనుగువారు’ అన్నానే గానీ, అదీ చిక్కే. మనలో ఏనుగు అనే ఇంటిపేరు ఉంది. ‘ఏనుగువారిని నీ ప్రభువు ఏం చేశాడో’ అని చదివితే పెళ్లి సంబంధం మాట్లాడుతున్నట్టుంటుంది. ‘ఏనుగు సేనను’ అంటే ఆ ఇబ్బంది తీరుతుంది.

మొదటి వాక్యాన్ని ‘నీవు చూడలేదా?’ అని తెనిగిస్తే, అప్పటికి పుట్టని ప్రవక్త ఎలా చూస్తాడని అడిగేవారున్నారు. అరబీలో చూడటమంటే ఎరగడం కూడా. తెలుగులోనూ అంతే: ‘వాడు ఆస్తంతా ఎలా తగలేశాడో చూశావు గదా’ అంటే తగలేస్తుంటే పక్కన నిలబడ్డామని కాదు. కనుక ‘చూడలేదా’ ఉండనివ్వండి. ఆ సంఘటన మక్కా జనానికి ఎంత దగ్గరదో ఆ మాటలోనే ఉంది. తమ బలంతో కాపాడుకోలేని గృహం ఎలా నిలిచిందో ఖురైషులకు గుర్తుచేయడమే ఈ అధ్యాయం పని. తరువాతి 106వ అధ్యాయం ఆ తెగ చలికాలం, ఎండాకాలం చేసే వ్యాపార యాత్రలను చెప్పి, ‘ఈ గృహానికి ప్రభువైన వానిని ఆరాధించండి’ అంటుంది. కొందరు వ్యాఖ్యాతలు రెండింటినీ కలిపే చదివారు. షియా సంప్రదాయంలో నమాజులో వీటిని జంటగా పఠిస్తారు.

పక్షులు రువ్విన రాళ్లను చెప్పేచోట మూలంలో ఉన్న మాట ‘సిజ్జీల్’. అంటే మట్టి గట్టిపడిన రాయి. పారశీకంలోని ‘సంగ్’ (రాయి), ‘గిల్’ (మట్టి) కలిసి వచ్చిందని పాత వ్యాఖ్యాతలే అన్నారు. మన సంగమర్మరులో ఉన్నది ఈ సంగే. ‘కాలిన మట్టిరాళ్లు’ అంటే చాలు.

ఇక ఊకా, గడ్డా? సేన చివరికి దేనిలా అయిందో చెప్పేచోట మూలంలో ఉన్నది ‘అస్ఫ్’, పైరులో గింజ పోగా మిగిలే ఆకూ పొట్టూ. పక్కనే ‘తినబడిన’ అనే మాట ఉంది, అదే ముఖ్యం. ఊక వడ్లపై పొట్టు. పొయ్యిలోకో బట్టీలోకో పోతుంది గానీ పశువు ఇష్టంగా మేయదు. మేసేది తవుడు. ఉత్త ‘గడ్డి’ అంటే పచ్చగా మొలిచినదీ అవుతుంది. నన్నడిగితే ‘పశువులు నమిలిన చొప్పలా’ అంటాను. చొప్ప తెలియని ప్రాంతాల కోసమైతే ‘నమిలి వదిలిన ఎండుగడ్డిలా’. అయిదు వాక్యాలూ ఫీల్, తద్లీల్, అబాబీల్, సిజ్జీల్, మాకూల్ అని ‘ల’కారంతో ముగుస్తాయి. ఆ అంత్యప్రాసను తెలుగులోకి తేవాలని పట్టుబడితే అర్థం చెడుతుంది, వదిలేయండి.

అధ్యాయం పేరు ‘సూరా అల్ ఫీల్’ (సూరా అంటే అధ్యాయం) అని రాస్తే అరబీ తీరు, ‘సూరయె ఫీల్’ అంటే ఉర్దూ తీరు. రెండూ చెల్లుతాయి. ఏనుగు అనే అర్థంలో ఈ ఫీల్ మనకు కొత్తదేమీ కాదు, హైదరాబాదు బేగంబజారు పక్కన ఫీల్‌ఖానా ఉండనే ఉంది. అచ్చుదిద్దేవారికి ఇంకొక్క మాట. అబ్రహా చివర పొరపాటున సున్నా పెట్టకండి. ఇస్లాం విశ్వాసం ప్రకారం కాబాను కట్టింది ఇబ్రాహీం ప్రవక్త, తెలుగు బైబిలు చదివేవారికి అబ్రాహాము. ఆ సున్నా పడితే కట్టినవాడే కూల్చడానికి వచ్చినట్టవుతుంది.