‘వికేంద్రీకృతం’ అంటే కేంద్రం లేనిదా?

సందేహం: పలు సర్వర్ల మీద నడిచే సోషల్ మీడియా వేదిక మాస్టడాన్ గురించి రాసేవాళ్లు ఒకచోట ‘వికేంద్రీకరణ నెట్‌వర్క్’ అంటున్నారు, మరోచోట ‘వికేంద్రీకృత నెట్‌వర్క్’ అంటున్నారు. ఏది సరి? అసలు దీని అర్థం ‘కేంద్రం లేనిది’ అనేనా?

సమాధానం: నెట్‌వర్క్‌కు ముందు ‘వికేంద్రీకృత’ అనే రాయాలి. ‘కరణ’ అంటే చేసే పని. ఒకచోట పోగుపడ్డ అధికారాన్ని పలుచోట్లకు పంచడం వికేంద్రీకరణ. 2020లో ఆంధ్రప్రదేశ్ చేసిన వికేంద్రీకరణ చట్టం పేరులో ఉన్నది ఈ అర్థమే. ‘కృత’ అంటే చేసినది. మాస్టడాన్‌ను మొదటినుంచీ విడివిడిగానే కట్టారు కదా, ‘కృత’ ఎలా కుదురుతుందని ఎవరైనా పట్టుబట్టవచ్చు. వాడుకలో స్థిరపడింది కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

మీ రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. ‘వి’ అన్నిచోట్లా లేమిని చెప్పదు. ‘విమలం’లో మలం లేదు, నిజమే. ‘విభజన’, ‘విస్తరణ’ల్లో మాత్రం అది విడిపోవడాన్ని, పరుచుకోవడాన్ని చెబుతుంది. వికేంద్రీకృతంలో ఉన్నది ఈ ‘వి’. అంటే కేంద్రాలు ఉన్నాయి, పలుచోట్ల ఉన్నాయి. కేంద్రాలు ఒకటికి మించి ఉండటం మనకు కొత్తేమీ కాదు: జాతకంలో లగ్నం నుంచి 1, 4, 7, 10 స్థానాలు నాలుగూ కేంద్రాలే.

2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో మొదలుపెట్టిన మాస్టడాన్‌నే చూడండి. అందులో మీ చిరునామాకు రెండు భాగాలు ఉంటాయి: ముందు మీ పేరు, తర్వాత మీరు చేరిన సర్వర్ పేరు. ఆ సర్వర్‌ను నడిపేవాళ్లే అక్కడి నియమాలు పెడతారు, ఖాతాలు తీసేస్తారు. దాని సభ్యులకు అదే కేంద్రం. అది మూతపడితే అందులోని ఖాతాలు పోతాయి, మిగతా సర్వర్ల వాళ్ల మాటలు మాత్రం ఆగవు. ఈ సర్వర్లన్నీ యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతిలో మాట్లాడుకుంటాయి. 2018లో వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని ప్రమాణంగా సిఫార్సు చేసింది. ఈమెయిల్‌దీ ఇదే తీరు. జీమెయిల్ నుంచి యాహూకి ఉత్తరం వెళ్తుంది, వాట్సాప్ నుంచి టెలిగ్రామ్‌కి సందేశం వెళ్లదు.

1964లోనే అమెరికా ఇంజనీరు పాల్ బారన్ మూడు బొమ్మలు గీసి ఈ తేడా చూపించారు: ఒకే కేంద్రం ఉన్నది, పలు కేంద్రాలున్నది, కేంద్రమే లేకుండా వలలా అల్లుకున్నది. ‘కేంద్రరహితం’ అనే మాటను ఆ మూడోదానికే ఉంచుకోవాలి. రెండూ కలిపేస్తే, సర్వర్ నడిపేవాళ్ల చేతిలో ఏ అధికారమూ లేదని చదివేవాళ్లు పొరబడతారు. మామూలు వ్యాసంలో అయితే ‘పలు కేంద్రాల నెట్‌వర్క్’ అని రాయండి, ఎవరికైనా అర్థమవుతుంది.