నాన్న పోయారు, మాత్రలు ఆగాయి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా బైపోలార్ ఉంది, రాత్రిపూట లిథియం వేసుకునేవాణ్ణి. నాన్న పోయి 24 రోజులైంది. కర్మ చేసేవాడు మందులు మింగకూడదని బాబాయి అంటే ఆపేశాను, మళ్లీ మొదలుపెట్టలేదు. మూడు గంటలే పడుకుంటున్నా అలసట లేదు. నాన్న పేరున బస్ షెల్టర్ కట్టిద్దామని అరెకరం బేరానికి పెట్టాను. ఇంతవరకు ఒక్క చుక్క కన్నీరు రాలేదు. ఇన్నేళ్లు మందులు మింగి మనసు మొద్దుబారిందా? రాత్రుళ్లు వరండాలో నాన్న దగ్గు వినిపిస్తోంది. ఆయనే రోజూ స్టీలు డబ్బాలోంచి మాత్ర తీసి నా చేతిలో పెట్టేవారు.

జవాబు: కన్నీళ్ల సంగతి తర్వాత, ముందు నిద్ర. దుఃఖంతో నిద్రపట్టని మనిషి తెల్లారేసరికి నీరసంగా లేస్తాడు. మీరు హుషారుగా లేస్తున్నారు, పైగా భూమి బేరం పెట్టారు. మేనియా, అంటే బైపోలార్‌లో హుషారు హద్దుమీరే దశ, మొదలవుతున్నప్పుడు ఇలాగే ఉంటుంది. అయినవాళ్లు పోయాక మేనియా రావడం మానసిక వైద్యులు ఎరిగినదే. నేలపడక, తెల్లవారుజాము స్నానాలు, ఇంటినిండా జనంతో నిద్ర ఎటూ పోయింది. దానికితోడు లిథియం ఒక్కసారిగా ఆపేశారు.

ఈ పూటే మీ డాక్టరుకు ఫోన్ చేయండి, చేసేటప్పుడు మీ ఆవిడనో, తోబుట్టువునో పక్కన ఉంచుకోండి. ఎన్ని రోజులు ఆపారో, ఎన్ని గంటలు పడుకుంటున్నారో లెక్కగా చెప్పండి. పాత మోతాదు మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు, పోయిన రోజులకు కలిపి రెండేసి అసలే వద్దు. మందు మళ్లీ మొదలయ్యాక వారం లోపు రక్తపరీక్ష చేయిస్తారు. రాత్రి మాత్రకూ రక్తం ఇవ్వడానికీ మధ్య 12 గంటలు ఉండాలి, ఆ పొద్దున మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. డాక్టరు దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి చేయండి. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఒక రాత్రంతా కన్ను మూతపడకపోతే ఫోన్లు వద్దు, నేరుగా ఆసుపత్రికే.

నేలపడకతో నడుం పట్టేసిందని మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొనకండి. అవి రక్తంలో లిథియాన్ని పెంచుతాయి, పారాసిటమాల్ చాలు. ఒంటిపూట భోజనం, ఉప్పు తగ్గించడం, నీళ్లు తక్కువ తాగడం చేసేదీ అదే: ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటికి పంపవు. ముందున్న మాసికాలకు ఇది గుర్తుంచుకోండి. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడకలో తూలు, మాట ముద్దగా రావడం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బాబాయిగారికి మీరు జవాబు చెప్పుకోనక్కర్లేదు, పురోహితుడితోనే చెప్పించండి. ‘ఆతురే నియమో నాస్తి’, రోగికి నియమాలు లేవు అన్నది ఆయనకు తెలియని మాట కాదు.

అరెకరం బేరం మూడు నెలలు ఆపండి. అప్పటిదాకా ఏటీఎం కార్డు మీ ఆవిడ దగ్గర ఉంచి, ఫోన్‌లో యూపీఐ పరిమితి తగ్గించుకోండి. బస్ షెల్టర్ ఎక్కడికీ పోదు.

ఇక కన్నీళ్లు. మందుల వల్ల మనసు మొద్దుబారినట్టు కొందరికి అనిపించడం నిజమే. కానీ మీరు మందు మానేసి మూడు వారాలైనా ఏడుపు రాలేదు కదా! నిద్రలేని హుషారు దుఃఖాన్ని తొక్కిపట్టి ఉంచుతుంది. నిద్ర సరిపడా వచ్చాక, ఏ కూరగాయల సంచి దగ్గరో ఒక్కసారిగా పొంగుకొస్తుంది. అప్పుడది రోగం తిరగబెట్టడం కాదు, ఏడవండి. అయితే హుషారు దిగాక కుంగుబాటు కూడా రావచ్చు. దుఃఖం అలల్లా వచ్చిపోతుంది, మధ్యలో అన్నం రుచిస్తుంది, పిల్లల అల్లరికి నవ్వొస్తుంది. రెండు వారాలు ఏదీ రుచించకపోయినా, ‘నేనూ పోతే బాగుండు’ అని ఒక్కసారి అనిపించినా ఆ రోజే ఎవరికైనా చెప్పండి. లిథియం ఎక్కువ మింగితే ప్రాణాపాయం, అందుకే ఇంట్లో వారానికి మించి మాత్రలు మీ చేతికి అందేచోట ఉండకూడదు.

దగ్గు వినిపించడానికి భయపడకండి. పోయినవాళ్ల అలికిడి వినిపించడం ఏ జబ్బూ లేనివాళ్లకూ మామూలే. ఆ గొంతు మీకు పనులు పురమాయించినా, రమ్మని పిలిచినా, డాక్టరుకు చెప్పాల్సిందే.

మీ నాన్నగారు కన్నతండ్రే కాదు, తొమ్మిదేళ్లు మీ వైద్యానికి కాపలా మనిషి. ఆ స్థానం ఖాళీగా వదలకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మీకు నమ్మకమైన 18 ఏళ్లు దాటిన మనిషిని తెల్లకాగితం మీద రాసి ప్రతినిధిగా నియమించుకోవచ్చు. నాన్నగారు దాచిన పాత చీటీలు, రిపోర్టులు వెతికి ఫైలు చేసి ఆ ప్రతినిధికివ్వండి. స్టీలు డబ్బా మాత్రం అక్కడే ఉండనివ్వండి, రాత్రి తొమ్మిదికి మూత తీసే చెయ్యి ఎవరిదో ఈ వారంలోనే తేల్చుకోండి.